మైకులో తప్పేం లేదు

ఫిబ్రవరి 3

ఈ పుస్తకం మైకు కోసం మొదలుపెడుతున్నాను. అది ఏ రోజు ఏం చేసిందో తారీఖుతో సహా రాసిపెట్టుకుంటే, రేపు మేనేజరు గారు "ఆధారం ఏదమ్మా?" అన్నప్పుడు తీసి చేతికివ్వొచ్చు. ఇరవై ఒక్క ఏళ్లుగా ఈ బస్టాండులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పే గొంతు నాది. "ప్రయాణికులకు మనవి" అని నేను అన్నానంటే, నాలుగో ప్లాట్‌ఫారం చివర నిద్రపోతున్నవాడు కూడా సంచి తడుముకుంటూ లేచి కూర్చుంటాడు. అలాంటిది ఈరోజు ఒకావిడ నా అద్దాల గదిలోకి తొంగిచూసి, "ఇందాక మైకులో చెప్పినాయన ఎక్కడికెళ్లారమ్మా?" అని అడిగింది.

నేనే అని చెప్పలేదు. కాఫీకి వెళ్లారని చెప్పాను.

మైకు పాడైంది.

ఫిబ్రవరి 5

మైకు మెకానిక్ వచ్చాడు. విప్పాడు, ఊదాడు, మళ్లీ బిగించాడు. "మైకులో తప్పేం లేదు మేడం" అన్నాడు. అతనికి పని రాదు.

ఫిబ్రవరి 11

పట్టుబట్టి కొత్త మైకు పెట్టించాను. ఇదీ పాడైందే ఇచ్చారు.

ఫిబ్రవరి 16

చలి. గదిలో నాకొక్కదానికే చలి. స్వెటరు మీద ఇంకో స్వెటరు వేసుకుని, దాని మీద శాలువా కప్పుకున్నాను. కంట్రోలర్ పైగుండీ విప్పుకుని అట్టముక్కతో విసురుకుంటున్నాడు. బస్సు లోపలికి రాగానే నంబరు చీటీ మీద రాసి కిటికీలోంచి నాకందించడం ఆయన పని. పన్నెండేళ్లలో చీటీలు తప్ప నాతో మాటలు పంచుకోని మనిషి. ఈరోజు మాత్రం చీటీ ఇస్తూ ఆగి, నన్ను కింది నుంచి పై దాకా చూసి, "మేడం, ఎక్కడికైనా ప్రయాణమా?" అన్నాడు.

నవ్వొచ్చి ఉంటే నవ్వేదాన్నే. ఓపిక లేదు.

ఫిబ్రవరి 20

"పద్నాలుగో నంబరు బస్సు రెండో ప్లాట్‌ఫారం మీద నుంచి బయలుదేరడానికి సిద్ధంగా ఉంది" అని నేను ముగించేసరికి బస్సు మలుపు తిరిగిపోయింది. వెనకాల పదిమంది పరుగు. ఈ మధ్య డ్రైవర్లు మరీ తొందరపడుతున్నారు.

డ్రైవర్ల మీద కూడా రాసిపెట్టుకోవాలి.

ఫిబ్రవరి 21

నిద్ర.

ఫిబ్రవరి 27

ఘోరం జరిగింది.

అత్తయ్యకు వినబడక తొమ్మిదేళ్లయింది. చెవిలో పెట్టుకునే యంత్రం కొనిచ్చాం గాని, అది పెట్టుకుంటే గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడదని తీసి డ్రాయరులో పడేసింది. పెళ్లయిన కొత్తలో ఆవిడ మీద విసుగొస్తే మనసులో అనుకునేదాన్ని. ఆ తొమ్మిదేళ్ల నుంచీ పైకే అనేస్తున్నాను, ఆవిడ ఎదురుగానే, మొహం మీద చిరునవ్వు చెరగకుండా. ఒంటికి చాలా మంచిది.

ఇవాళ నేను మడతపెట్టిన దుప్పటిని ఆవిడ విప్పి మళ్లీ మడతపెడుతోంది. నేను అలవాటు ప్రకారం నవ్వుతూ, "ఈ ఇంట్లో దుప్పటి మడతపెట్టడానికి కూడా పరీక్ష పాసవ్వాలి కాబోలు" అన్నాను.

"పరీక్షేం అక్కర్లేదు. అంచులు కలిస్తే చాలు" అంది అత్తయ్య.

చేతిలో దిండు జారి పడింది.

ఫిబ్రవరి 28

తొమ్మిదేళ్లలో ఏమేం అన్నానో గుర్తు చేసుకుంటూ పడుకున్నాను. సగం కూడా పూర్తి కాలేదు.

మార్చి 2

అవన్నీ ఆవిడకు వినబడలేదట. అడిగి తెలుసుకునే ధైర్యం లేక, "టీవీ శబ్దం వినిపిస్తోందా అత్తయ్యా?" అని చుట్టు తిరిగి అడిగాను. లేదట. తలుపు గంట? లేదట. మా ఆయన మాట? ఆయన గొంతు మందమే గాని మాటలు మీసాలు దాటి బయటికి రావు. బడిలో రోజంతా లెక్కలు చెప్పొచ్చి, ఇంట్లో అడిగినదానికి కూడా సగమే చెబుతారు.

"నీ ఒక్కదాని మాటే వినబడుతోంది. పదిరోజుల నుంచీ" అంది. "నీ గొంతు కాస్త దిగింది. తీరిగ్గా మాట్లాడుతున్నావు. ఇదివరకు నీది మరీ ఈలలా ఉండేది, చెవి దాకా వచ్చేది కాదు."

ఇరవై ఒక్క ఏళ్లు నాలుగు ప్లాట్‌ఫారాలను నిలబెట్టిన గొంతును ఈల అంది. ఇకమీదట ఈ ఇంట్లో ఏదీ పైకి అనడానికి లేదు.

ఆ తర్వాత రెండు గంటలు నన్ను వదల్లేదు. అడగాల్సిన ప్రశ్నలు తొమ్మిదేళ్లుగా పోగుపడి ఉన్నాయి ఆవిడ దగ్గర. పక్కింటివాళ్లు ఎందుకు ఖాళీ చేశారు? మా పెద్దాడపడుచు మొగుడు ఆ రోజు భోజనం మధ్యలో ఎందుకు లేచిపోయాడు? టీవీ సీరియల్లో ఆ పొడుగు జడ అమ్మాయిని ఇంట్లోంచి ఎందుకు గెంటేశారు? నేను అసలు కథ చెబితే పెదవి విరిచింది. శబ్దం లేకుండా చూస్తూ ఆవిడ సొంతంగా ఒక కథ అల్లుకుందట. నిజానికి ఆవిడ కథే బాగుంది.

మార్చి 5

మెకానిక్‌తో పెద్ద గొడవ. కంట్రోలర్‌ని పిలిచి అదే మైకులో మాట్లాడించాడు. బావిలోంచి వచ్చినట్టు ఖంగుమంది. తర్వాత నన్ను ప్రకటన చదవమని, అంతా తన ఫోనులో రికార్డు చేసి నాకే వినిపించాడు. ఎవరో పెద్దాయన, దుప్పటి కప్పుకుని పడుకున్నచోటి నుంచే బస్సుల వేళలు చెబుతున్నట్టు ఉంది.

"ఇప్పుడేమంటారు మేడం?" అన్నాడు.

అతని ఫోను కూడా పాడైంది.

మార్చి 9

మా ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఆయన ఫోను మోగితే నేను తీశాను. చెల్లెలు.

"హలో" అన్నాను.

"బావగారూ, అక్క పక్కనే ఉందా?"

"లేదు" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఆ ఒక్క మాట రావడానికి కాసేపు పట్టింది. మా ఆయనా అంతే కాబట్టి దానికి అనుమానం రాలేదు.

"హమ్మయ్య. బావగారూ, మీరసలు పట్టించుకోవట్లేదు. అక్క మొహం చూశారా, ఎలా ఉబ్బిపోయిందో? మొన్న మా ఇంటికొచ్చి సోఫాలో కూర్చుని, చెప్పులు విప్పుతూ విప్పుతూ నిద్రపోయింది. ఒక చెప్పు కాలికే ఉంది! లేపి ఏమైందే అంటే డ్రైవర్లు తొందరపడుతున్నారంటుంది. చెప్పులకీ డ్రైవర్లకీ ఏం సంబంధం బావగారూ?"

"ఊఁ."

"ఊఁ కాదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అది మొండిదని, మీకు దానంటే భయమని నాకు తెలుసు."

"నాకేం భయం లేదు" అన్నాను, మా ఆయన తరఫున.

"మీరలాగే అంటారు. పెళ్లిలోనే చూశాను మిమ్మల్ని." తర్వాత దాని గొంతు మారిపోయింది. "నాకు ఒక్కతే అక్క బావగారూ. ఏదో జరుగుతోంది దానికి. నాకు భయంగా ఉంది."

ఏడ్చేసింది. నాకూ ఏడుపు ఆగలేదు. బొంగురుగా ఒక వెక్కు బయటికి రాగానే ఫోను పెట్టేశాను.

మైకు సంగతి, ఫోను సంగతి సరే. చెప్పుల సంగతి నాకు తెలియదు. ఆ రోజు నిద్రపోయానన్నదే నాకు గుర్తు లేదు.

మార్చి 10

అక్క కోసం బావగారు ఫోనులో వెక్కి వెక్కి ఏడ్చారని చెల్లెలు చుట్టాలందరికీ చెప్పిందట. పొద్దున్నుంచీ మా ఆయనకు ఓదార్పు ఫోన్లు. ఆయన ఒక్కరికీ కాదని చెప్పలేదు. ఊరికే వచ్చిన మంచి పేరును ఎవరు వద్దనుకుంటారు!

సాయంత్రం నా పక్కన కూర్చుని, "రేపు సెలవు పెట్టాను. వెళ్దాం" అన్నారు. సరే అన్నాను.

మార్చి 14

పదకొండున వెళ్లాం. డాక్టరమ్మ నా మెడ తడిమింది. చీలమండ వెనక చిన్న సుత్తితో కొట్టింది. కాలు కాసేపు ఆలోచించుకుని కదిలింది. అప్పుడే ఆవిడకు అర్థమైపోయినట్టుంది, నవ్వింది.

ఇవాళ రక్తపరీక్ష కాగితం వచ్చింది. నాలుగున్నర లోపు ఉండాల్సింది ఎనభై ఆరు ఉంది. "ఎనభై ఆరే!" అన్నారు మా ఆయన. ఆయన ఎనభై ఆరు చూసి దిగులుపడడం ఇదే మొదలు.

మెడలో థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంటుందట. ఒంట్లో ప్రతి పనికీ వేగం అదే ఇస్తుందట. నాది పని మానేసింది. "మెదడు కింది నుంచి దానికి 'పని చెయ్యి, పని చెయ్యి' అని కబురు వెళ్తూ ఉంటుందమ్మా. అది వినకపోయేకొద్దీ కబురు ఇంకా గట్టిగా వెళ్తుంది. ఎనభై ఆరంటే గొంతు చించుకుంటోందన్నమాట" అంది డాక్టరమ్మ. అంటే నా లోపల కూడా ఒక అనౌన్సరుంది. ఆవిడ మాటా ఎవరూ వినట్లేదు.

చలి, నిద్ర, వాపు, మందగించిన మాట, బొంగురు గొంతు, అన్నీ దానివల్లేనట. డ్రైవర్లకు ఏ సంబంధమూ లేదట. ఇలాగే వదిలేస్తే గుండె కూడా నెమ్మదిస్తుందని మెల్లగా చెప్పింది. రోజూ పరగడుపున ఒక మాత్ర మంచినీళ్లతో వేసుకోవాలి, జీవితాంతం. ఆ తర్వాత గంటసేపు ఏమీ తినకూడదు, కాఫీ అసలు తాగకూడదు.

జీవితాంతం అన్నప్పుడు ఏమీ అనిపించలేదు. కాఫీకి గంట అన్నప్పుడు కళ్లు తిరిగాయి.

మార్చి 15

మాత్ర వేసుకున్నాను. గంట తర్వాత కాఫీ.

మార్చి 19

మాత్ర. దాదాపు గంట తర్వాత కాఫీ.

మార్చి 24

నలభై నిమిషాలు. వంటింటి గడియారం కాస్త నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి గంట కిందే లెక్క.

ఏప్రిల్ 2

కాఫీ కలిపి పెట్టుకోవడం తాగడం కాదు. వాసన చూడడం కూడా తాగడం కాదు. రుచి చూడడం పంచదార కోసం.

ఏప్రిల్ 8

వేడిగా ఉంటే మాత్ర తొందరగా కరుగుతుందని నాకే తోచింది. ఇలాంటివి డాక్టర్లు చెప్పరు.

ఏప్రిల్ 17

మేనేజరు గారు గదికొచ్చారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారంటే మంచి కబురు కాదు.

ప్రకటనలన్నీ కంప్యూటరులోకి ఎక్కిస్తారట. ఒక్క గొంతుతో అన్ని నంబర్లూ, అన్ని ప్లాట్‌ఫారాలూ ఒకసారి చదివించి పెట్టుకుంటే తర్వాత అదే అతికించి పలుకుతుందట. జులైలో అన్ని బస్టాండుల నుంచీ గొంతు నమూనాలు పంపాలి. ఎవరిది నచ్చితే వాళ్ల గొంతు అన్ని బస్టాండుల్లో మోగుతుంది, మైకు పని కూడా వాళ్లే చూసుకుంటారు. మిగతావాళ్లకు వేరే పని చూపిస్తారు.

"నీ గొంతు ఒకప్పుడు..." అని ఆగిపోయారు. ఒకప్పుడు అన్నారు, నా మొహం మీదే.

ఇంటికొచ్చి వంటగదిలో నిలబడి ఏడ్చాను. నాకు వంట అంతంతమాత్రమే, కుట్లు అల్లికలు రావు, పాడితే ఇంట్లోవాళ్లు కిటికీలు మూస్తారు. నాకున్నది ఆ మైకొక్కటే. జులై లోపల గొంతు తెచ్చుకోవాలి.

మే 6

రెండో పరీక్ష. అరవై తొమ్మిది. డాక్టరమ్మ కళ్లజోడు తీసింది.

"మాత్ర ఎలా వేసుకుంటున్నారమ్మా?"

"పరగడుపునేనండీ."

"దేనితో?"

నేను గోడ మీద బొమ్మ చూస్తున్నాను. పెళ్లయిన ఇరవై మూడేళ్లలో మా ఆయన పరాయివాళ్ల ముందు అడగకుండా నోరు విప్పింది ఇవాళే. "కాఫీతో" అన్నారు.

కాఫీతో వేసుకుంటే మాత్ర సగం కూడా ఒంటికి పట్టదట. చివాట్లు తిన్నాను.

మే 7

ఆయనకు అంతటితో తృప్తి కలగలేదు. సంగతంతా పలక మీద రాసి అత్తయ్యకు చూపించారు. పొద్దున్నే లేచేసరికి ఆవిడ నా మంచం పక్కన మాత్ర, మంచినీళ్ల గ్లాసుతో నిలబడి ఉంది. తర్వాత కాఫీపొడి డబ్బా ఒళ్లో పెట్టుకుని, గోడ గడియారం ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది, గంటసేపు. ఖజానాకి కూడా ఇంత కాపలా ఉండదు.

మే 21

ఆ గంట కోసం ఇప్పుడు నేనే తొందరగా లేస్తున్నాను. ఎప్పుడూ లేనివి మాట్లాడుకుంటున్నాం. చెవులు పోయిన మొదటి ఏడాది, అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారని అనుమానపడేదట. రెండో ఏడాది, తన గురించి ఎవరూ మాట్లాడట్లేదని అర్థమై ఏడ్చేదట. "నువ్వొక్కదానివే రోజూ నా మొహం చూసి నవ్వుతూ ఏదో ఒకటి చెప్పేదానివి. వినబడకపోయినా బావుండేది" అంది.

నేను ఆ నవ్వుతూ ఏం చెప్పేదాన్నో ఈ పుస్తకంలో కూడా రాయను.

జూన్ 12

ఒక స్వెటరు తీసేశాను. మెట్లు ఆగకుండా ఎక్కాను. పద్నాలుగో నంబరు బస్సు కదలకముందే ప్రకటన పూర్తయింది. డ్రైవర్లు దారికొచ్చారు.

జూన్ 25

గొంతు వస్తోంది! "ప్రయాణికులకు మనవి" అనగానే నాలుగో ప్లాట్‌ఫారం మీద ఒకాయన ఉలిక్కిపడి నీళ్ల సీసా జారవిడిచాడు. కంట్రోలర్ చీటీ వెనక "బాగుంది" అని రాసి ఇచ్చాడు.

పొద్దున అత్తయ్య రెండుసార్లు "ఏమన్నావ్?" అంది.

జులై 4

"ఏమన్నావ్?" "ఏంటీ?" "మళ్లీ చెప్పు."

లావు గొంతుతో, నిదానంగా మాట్లాడి చూశాను. వినబడనివాళ్లతో అలాగే మాట్లాడాలని డాక్టరమ్మ చెప్పింది. నాలుగు మాటలకే గొంతు నొప్పి పుట్టి దగ్గొచ్చింది. అరిస్తే ఇంకా వినబడదట, చెవిలో గుచ్చుకుంటుందట.

జులై 15

నమూనా రికార్డు చేశారు. ఎన్నాళ్ల తర్వాతో నా గొంతు నాకే ముద్దొచ్చింది. మెకానిక్ తన ఫోనులోంచి ఫైలు పెన్‌డ్రైవులోకి ఎక్కించి పంపాడు. అతని ఫోను బాగైనట్టుంది.

జులై 19

ఆవిడకు పెద్దాడపడుచు కూతురి పరీక్షల సంగతి చెబుతున్నాను. చక్కగా తలూపుతూ వింది. "ఆ పిల్ల పరీక్ష తప్పింది అత్తయ్యా" అన్నాను. "చాలా సంతోషం" అంది.

వినబడట్లేదు. నేను బాధపడతానని విన్నట్టు నటిస్తోంది. మధ్యలో ఆపకుండా ఆ గంటంతా మాట్లాడుతూనే ఉన్నాను. ఆవిడ తలూపుతూనే ఉంది.

ఆగస్టు 8

ఫలితం వచ్చింది. అయిదు నమూనాలను బస్టాండుల్లో మోగించి, పెద్ద వయసు ప్రయాణికులను ఏది బాగా అర్థమైందని అడిగారట. నాది నాలుగోస్థానం.

మొదటి స్థానం మూడో నమూనాకి. మేనేజరు గారు ఉత్సాహంగా వినిపించారు. "ఇదీ మన బస్టాండు నుంచే వెళ్లిందమ్మా. ఎంత నిదానం! ఎంత నిబ్బరం! ఎవరో పెద్దాయన. నీకు తెలుసా?"

తెలుసు. దుప్పటి కప్పుకుని పడుకుని చెబుతున్నట్టుండే ఆ పెద్దాయన, మార్చి అయిదో తారీఖున మెకానిక్ తన ఫోనులో ఎక్కించుకున్న నేను. ఆ పాత ఫైలు తీసేయకుండా దాన్నీ అదే పెన్‌డ్రైవులో పంపేశాడు.

నన్ను నేనే ఓడించాను. అదీ జబ్బులో ఉండి.

"ఆయన్ని అక్టోబరు పదో తారీఖున రికార్డింగుకి తీసుకురాగలవా?" అన్నారు.

"తెలిసినాయనేనండీ. నేను తీసుకొస్తాను" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. ఇలా అనేయడం నాకు అలవాటైపోయింది.

ఆగస్టు 10

మాత్ర వేసుకోవడం మర్చిపోయాను.

ఆగస్టు 11

శరీరానికి అప్పుడప్పుడు విశ్రాంతి ఇవ్వాలి.

ఆగస్టు 15

మాత్ర నాలుక కింద పెట్టుకుని, నీళ్లు మాత్రం మింగి, అత్తయ్య గడియారం వైపు తిరగ్గానే గుప్పిట్లోకి, అక్కణ్నుంచి స్వెటరు జేబులోకి. కష్టమేమీ కాదు. అక్టోబరు పది దాకానే. తర్వాత రెండేసి వేసుకుంటాను.

మైకు కోసం ఒక్కటే కాదు. అత్తయ్య కోసం కూడా. అవును, ముఖ్యంగా అత్తయ్య కోసమే.

సెప్టెంబరు 3

చలి. మంచిది.

సెప్టెంబరు 12

మెట్ల మధ్యలో కూర్చుండిపోయాను. కంట్రోలర్ చూసి, ఏమీ అడగకుండా, నా సంచి పట్టుకుని పక్క మెట్టు మీద కూర్చున్నాడు. రెండు బస్సులు చీటీ లేకుండా వెళ్లిపోయాయి. గుండె చాలా నెమ్మదిగా కొట్టుకుంటోంది. డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. వెంటనే వేరేది గుర్తు తెచ్చుకున్నాను.

సెప్టెంబరు 20

ఇవాళ పొద్దున, కాపలా గంటలో, కాళ్లు ముడుచుకుని శాలువాలో కూర్చున్నాను. "ఈ గంట ఎప్పటికవుతుందో" అని గొణుక్కున్నాను.

"ఇంకా పావుగంటుంది" అంది అత్తయ్య.

వినబడింది! నాకు ప్రాణం లేచొచ్చింది. కాని ఆవిడ మొహం అలా లేదు. డబ్బా కింద పెట్టి లేచొచ్చింది.

"మళ్లీ ఏదైనా అను."

"ఏమనమంటారు?"

"వినబడుతోంది" అంది. కళ్లనిండా నీళ్లు. "వినబడుతోందంటే నువ్వు మాత్ర మింగట్లేదు."

ఏ డాక్టరూ ఇంత త్వరగా కనిపెట్టలేదు. నేను అంతా చెప్పేశాను, మూడో నమూనా, అక్టోబరు పది, ఇరవై ఒక్క ఏళ్ల మైకు. నా మాట నత్తనడక నడుస్తుంటే ఆవిడ ఒక్క ముక్క వదలకుండా వింది. చివర్లో, "మీకు కూడా వినబడుతుంది కదా అత్తయ్యా" అన్నాను.

కొడుతుందేమో అనుకున్నాను.

"నా మీదికి తొయ్యకు. తొమ్మిదేళ్లు ఏమీ వినబడలేదు, చచ్చిపోయానా? చెవులు పోయాయి గాని కళ్లున్నాయి నాకు. నువ్వు గోడ పట్టుకుని నడుస్తుంటే చూడట్లేదనుకున్నావా? నీ మాట వినాలని నాకు లేదా? ఎంతుందో నీకేం తెలుసు? కాని ముందు మనిషివి నువ్వు ఉండాలి."

స్వెటరు జేబులో చెయ్యి పెట్టి మొత్తం బయటికి తీసింది. నాలుగైదు రోజులవి మాత్రం ఉతుకులో కరిగిపోయాయి. మిగిలినవి ముప్పై నాలుగు. వాటిని పారబోసి, కొత్త మాత్ర తెచ్చి నా నోట్లో పెట్టింది.

"నాలుకెత్తు" అంది.

ఎత్తాను.

"పక్కకి తిప్పు."

తిప్పాను. నలభై ఆరేళ్ల దాన్ని. సరిగ్గా అప్పుడే మా ఆయన లోపలికొచ్చి, నోరు తెరుచుకుని నిలబడ్డ నన్నూ, లోపలికి టార్చి వేసి చూస్తున్న వాళ్లమ్మనూ చూసి, వచ్చినదారినే వెళ్లిపోయారు.

సెప్టెంబరు 22

డాక్టరమ్మ కేకలేస్తుందనుకున్నాను. అన్నీ విని, నా చెయ్యి పట్టుకుని, "మీ అత్తగారు లేకపోతే నెలాఖరుకి మిమ్మల్ని స్ట్రెచరు మీద చూసేదాన్నమ్మా" అంది. కేకలేస్తేనే బాగుండేది.

అక్టోబరు 1

మేనేజరు గారి దగ్గరికి వెళ్లాను.

"ఆ పెద్దాయన రావట్లేదండీ."

"అయ్యో! ఏమైంది?"

"వైద్యం చేయించుకుంటున్నారు."

"నయమయ్యాక వస్తారా?"

"నయమైతే ఇక రారండీ." ఆయన తెల్లమొహం వేశారు. జాలేసి నిజం చెప్పాను. మూడోసారి చెప్పాక అర్థమైంది ఆయనకు. నా వైపు చూసి, ఫైలు వైపు చూసి, మళ్లీ నా వైపు చూసి, "అయితే ఆయన నువ్వే... మరి ఒక్క పదిరోజులు..." అని, తన మాట తనకే వినబడి ఆగిపోయారు. పాపం, మంచివాడే.

పెద్దాఫీసుకి అలాంటి గొంతే కావాలి. నాకు తోచిన పేరు ఒక్కటే. చెప్పడానికి నోరు వచ్చేసరికి కాస్త టైం పట్టింది. ఈసారి థైరాయిడ్ వల్ల కాదు.

"కంట్రోలర్‌తో చదివించండి" అన్నాను.

అక్టోబరు 6

కంట్రోలర్‌కి నేర్పిస్తున్నాను. మైకు ముందు నిలబడగానే చెమటలు. "నాకు చీటీలే అలవాటు మేడం" అంటాడు. అందుకే ప్రతి ప్రకటననీ ఒక చీటీ మీద రాసి కిటికీలోంచి నేనందిస్తున్నాను. అప్పుడు చదువుతున్నాడు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చూపించాను. నేను తీసుకునేచోటే తీసుకుంటున్నాడు. కిటికీ ఇవతలికి మొహం తిప్పుకున్నాను. అయినా తప్పు దిద్దకుండా ఒక్క చీటీ కూడా వదల్లేదు.

అక్టోబరు 10

రికార్డింగు అయిపోయింది. బాగా చదివాడు. నా గదికి తాళం వేసి తాళంచెవి ఇచ్చేశాను. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాను.

నవంబరు 2

విచారణ కౌంటరులో వేశారు. అద్దంలో అరచేయంత కన్నం, దాని అవతల ఒక్కొక్క మొహం. పైన కంట్రోలర్ గొంతు మోగుతుంటే మొదటివారం చెవులు మూసుకోవాలనిపించింది. ఇప్పుడూ కొంచెం అనిపిస్తుంది. ఒక ముసలాయన పైకి చూపించి, "ఆయన చాలా బాగా చెబుతున్నాడమ్మా" అన్నాడు. "నేర్పించినవాళ్లు మంచివాళ్లండీ" అన్నాను.

నవంబరు 26

మూడు పాయింట్ ఎనిమిది. మామూలు మనిషినట.

నవంబరు 27

అత్తయ్యకు కాగితం మీద నమ్మకం లేదు. ఆవిడ పరీక్ష ఆవిడది. రోజూ మాత్ర మింగి, నాలుక ఎత్తి చూపించాక, నా ఎదురుగా కూర్చుని "ఏదైనా అను" అంటుంది. నేను బస్సు నంబర్లో, కూరల జాబితానో చెబుతాను. చెవి ఒగ్గి వింటుంది. నెలన్నర క్రితం అన్నీ వినబడ్డాయి. తర్వాత సగం. పోయిన వారం నాలుగైదు మాటలు.

ఇవాళ కూడా "ఏదైనా అను" అంది.

బస్సు నంబరు చెబుదామని నోరు తెరిచాను. రాలేదు. "అత్తయ్యా, ఇన్నేళ్లూ మీ ఎదురుగా నవ్వుతూ నేనన్నవన్నీ తిట్లే. నన్ను క్షమించండి. మా అమ్మ ఉన్నా నన్నింత బాగా చూసుకునేది కాదు. మైకు పోయినందుకు ఇంకా ఏడుపొస్తోంది, కాని మీరుంటే చాలు నాకు" అన్నాను. గొంతు గంటలా మోగింది, ఒక్క మాట కూడా తడబడలేదు.

ఆవిడ మెడ ముందుకు చాపి, నా పెదాల వైపు చూడకుండా కళ్లు మూసుకుని, చివరిదాకా వింది. తర్వాత కళ్లు తెరిచింది. మొహం వెలిగిపోతోంది.

"ఒక్క ముక్క కూడా వినబడలేదు!" అంది.